నిమ్మకాయలు తొక్కిన ఎర్ర కారు

ఖమ్మం, మంగళవారం

నిర్మలా, డాక్టరు మోకాళ్ళకు గోలీలు ఇచ్చిండు, నేను బాగనే ఉన్న. నువ్వు ఫోన్ ఎత్తుతలేవు గాబట్టి కార్డు రాస్తున్న, చింపకుండ చదువు.

ఆ ఎర్ర కారు నేను కొనలే. తమ్ముడు మురళీకృష్ణ షోరూముకు తోలుకపోయి, ఒక్కసారి నడిపి చూడన్నడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టందే కొత్త బండి కదిలియ్యనని పట్టుబట్టిన. నాలుగూ తొక్కిచ్చిన. అది చూసి వాళ్ళు నేను కారు కొనేసిననుకున్నరు. వైరా రోడ్డు మీద ఒక రౌండు కొట్టి వచ్చేసరికి షోరూమోళ్ళు దండ, కేకు పట్టుకొని నిలబడ్డరు. దిగి చెప్దమంటే సీటు నేలకు ఆనుకొని ఉంది, మోకాళ్ళు లేవనియ్యలే. కూసున్నోని మెడలనే దండేసి ఫోటో తీసిండ్రు. తమ్ముడు అదే నీకు పంపిండు.

పామాయిల్ గెలలు కోసేటోళ్ళు వచ్చిండ్రా? మన పాత జీపు బ్యాటరీ దిగకుండ రోజొకసారి స్టార్ట్ చెయ్యి. మనవరాలు సాహిత్యకు ముద్దులు.

ఫోటోల నా నవ్వు మాత్రం అబద్ధం కాదు. ఆదివారం దాకా ఆలోచిస్తనని షోరూముల చెప్పిన. మోకాళ్ళ తైలం సీసా పట్టుకొని బస్సెక్కి రా, ఆ సీట్ల నువ్వు గూడ కూసొని చూడు. లేవగలిగితే మనకు జీపే చాలు. ఇద్దరం లేవలేకపోతే మాత్రం ఇగ కొనక తప్పదు.

నీ చెంచురామయ్య