బీరువాలోంచి తీసిన రూటరు

బావా,

హార్బరు నుంచి రాగానే అన్నం తినెయ్. వంకాయ పులుసు మూతపెట్టి ఉంచాను. నాకు ఈరోజు క్లినిక్కులో పగటి డ్యూటీ.

రూటర్ని ఇనప బీరువాలోంచి తీసి హాల్లో చెక్క అల్మారా మీద పెట్టాను. "ఉప్పుగాలికి ఏటైనా తుప్పట్టిపోద్దే" అని కవరు చుట్టి మరీ దాచావు. ఇనుము అడ్డముంటే సిగ్నల్ ఎలా వస్తుంది? మళ్లీ లోపల పెట్టకు.

పాస్‌వర్డ్ మార్చాను. కొత్తది క్యాలెండర్ వెనక రాశాను. వీధిలో అందరికీ చెప్పేయకు. అడిగినవాళ్లకి గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టాను. సెక్యూరిటీలో పాత రకం డబ్ల్యూపీఏ టూ, కొత్త రకం త్రీ రెండూ ఉంచాను. త్రీ ఒక్కటే పెడితే నీ పాత ఫోను కనెక్ట్ అవదు.

నిన్న సాయంత్రం నా ఆన్‌లైన్ క్లాసు ఆగిపోతే సెట్టింగులు తెరిచి చూశాను. మన వైఫై మీద తొమ్మిది ఫోన్లున్నాయి. పైవాటా వాళ్లవి, ఐసు కొట్టువాళ్లవి కూడా. మెట్ల మీదే కూర్చున్న నీది మాత్రం లేదు. నా క్లాసు ఆగకూడదనే కదా రోజూ నీ ఫోన్లో వైఫై ఆపేసుకుని బయట కూర్చుంటున్నావు? నేనేమో అలిగావనుకున్నాను. ఒక్కమాట చెబితే ఏటి బావా?

కుసుమ

అన్నట్టు, నేనొచ్చి చూసేసరికి ఆ లిస్టులో ముందు నీ ఫోనుండాలి.