బావ పాదానికి పంచర్

అక్కా,

వార్డులో నర్సులు ఫోన్ ఎత్తకూడదట కదా, అందుకే ఈ కాగితం వాచ్‌మన్ చేతికిచ్చి పంపుతున్నాను. కోప్పడకుండా మొత్తం చదువు.

నిన్న మన పంచర్ షాపు వెనక పాత టైర్లు లాగుతుంటే, బావ చెప్పులోంచి తుప్పు మేకు పాదంలోకి దిగింది. పీకేస్తే రక్తం చుక్క కూడా రాలేదు. "ఇంత చిల్లుకి ఆసుపత్రి ఎందుకురా, పంచర్ వేసెయ్" అని నవ్వాడు. నేనూ నవ్వేసి, ఆ బురద కాలికే పంచర్ల జిగురు సొల్యూషన్ రాసి, ట్యూబుకి వేసే ప్యాచీ అంటించేశాను.

టైరుకైతే ముందు లోపల తడిమి చూస్తాను, ముక్కేమైనా మిగిలిందేమోనని. గీకి శుభ్రం చేయందే ప్యాచీ వేయను. బావకి మాత్రం ఏదీ చూడలేదు అక్కా.

ఇవాళ కాలు వాచి ఎర్రగా కాలిపోతోంది. బల్ల మీద పడేసిన మేకు తీసి చూస్తే దానికి మొన లేదు. ఆ ముక్క లోపలే విరిగి ఉండిపోయిందేమో. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు చేయించుకున్నావంటే, "పెళ్లికి ముందెప్పుడో" అంటాడు. డాక్టరు దగ్గరికి పదమంటే, "రేపటికి తగ్గిపోద్ది, మీ అక్కకి చెప్పావో చంపేస్తా" అంటాడు. రేపటిదాకా ఆగొచ్చో లేదో నాకేం తెలుసు? ఏడో క్లాసులోనే బడి మానేసినవాణ్ణి.

అందుకే నువ్వు రమ్మన్నావని అబద్ధమాడి తీసుకొచ్చాను. గేటు పక్కన ఆటోలో ఉన్నాం. "మీ అక్క ఎందుకు పిలిచిందిరా?" అని ఇప్పటికి నాలుగుసార్లు అడిగాడు.

నన్ను తర్వాత ఎంతైనా తిట్టు. ముందు బయటికొచ్చి బావని లోపలికి పిలువు. నా అబద్ధాన్ని నిజం చెయ్యి అక్కా.

నీ తమ్ముడు