చాలు అనే మనిషి

సౌభాగ్యవతి అయిన మా ఇంటావిడకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. అందులో నా సగం నేను రాస్తున్నాను, నీ సగం నువ్వు వెంటనే రాయాలి. ఇక్కడ నేనూ, పిల్లీ, చెక్కను తిప్పే లేతు మిషనూ బాగానే ఉన్నాం. నీ ఉత్తరం అందింది. ఎల్లుండి ఆపరేషన్ అని రాశావే, ఆ ఉత్తరమే ఆఖరిది. ఆఖరిదంటే ఇప్పటికి ఆఖరిదని. ఛ, ఈ కలానికి కూడా నోటి దురుసు అబ్బింది.

అడిగినవాటికి చెబుతాను. వంట నేనే చేసుకుంటున్నాను, మాడినా నేనే తింటున్నాను. ఎదురింటి కుట్టుమిషను ఆవిడ రోజూ ఏదో ఒక గిన్నె పట్టుకుని వస్తూనే ఉంది. నువ్వేం చెప్పి వెళ్ళావోగానీ నన్ను చంటిపిల్లాడిలా చూస్తోంది. షెడ్డు కప్పు కారుతోందా అన్నావు. కారేచోట కారడం ఆగింది. ఇప్పుడు దాని పక్కన కారుతోంది.

నీ దుంగ గురించి అడిగావు. గోడ వెనక తడిలో పడి ఉన్న మామిడి మొద్దుల్ని నేను పొయ్యిలోకి నరకబోతే, "ఆగండి, అది నాది" అని ఒకదాన్ని కాలితో తొక్కిపెట్టావు గుర్తుందా? దాన్ని కోశాను. నీ కంటికి మొక్కాలి, ఎంత బాగుందో! ఒకవైపు చెక్కంతా అలలు అలలుగా మెరుస్తోంది. ఇంకోవైపు బూజు పాకి సన్నటి నల్లగీతలు తేలాయి. ఒక బూజు ఇంకో బూజును తన వాటాలోకి రానివ్వకుండా కట్టుకున్న గోడలే అవి. ఇంకో వానాకాలం అక్కడే వదిలేస్తే మట్టయిపోయేది. చచ్చిపోతున్న చెక్కకే ఆ అందం వస్తుందని ఇదివరకు అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఈమధ్య ఆ మాట నోట రావడం లేదు. గీతల మధ్య తెల్లగా ఉన్నచోట గోరు దిగుతోంది. అక్కడ పల్చటి జిగురు పట్టించి, ఆరబెట్టి, లేతుకు ఎక్కించాను. మాత్రలు వేసుకోవడానికి బుల్లి కూజా కావాలన్నావుగా. బయటి ఆకారం ముచ్చటగా కుదిరింది. మూతి నా బొటనవేలు పట్టేంతే.

లోపల తొలవడమే ప్రాణం తీస్తుంది, నీకు తెలియంది కాదు. ఆ మూతిలోంచి ఏమీ కనబడదు. వంకర ఉలిని లోపలికి పంపి చెవితో చూసుకోవాలి. గోడ మందంగా ఉన్నంతసేపూ గుర్రుమంటుంది, పల్చబడేకొద్దీ గొంతు సన్నబడి కీచుమంటుంది. అది కీచుమనగానే ఆపాలి. ఆపకపోతే కూజా ముక్కలై మొహం మీదికి వస్తుంది.

"నా స్టూలు మీద ఎవరు కూర్చుంటున్నారు?" అని రాశావు. దానికే జవాబు తోచక ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఏమేవ్, నా చెవుల సంగతి నీకు ముందే తెలుసు కదూ? ఇన్నాళ్ళూ గుమ్మం దగ్గర స్టూలేసుకుని, నాకు వీపు పెట్టి, బఠాణీలు ఒలుస్తూనో గుండీలు కుడుతూనో ఉండి, ఉన్నట్టుండి "చాలు!" అని కేక పెట్టేదానివి. నాకు ఒళ్ళు మండేది. "నా పని నాకే నేర్పుతున్నావా?" అని విసుక్కుంటూనే చెయ్యి ఆపేవాణ్ణి. వెలుతురుకు పెట్టి చూస్తే గోడ ఎంత ఉండాలో అంతే ఉండేది. అదంతా నా చేతి గొప్పదనం అనుకున్నాను. చెయ్యే నాది, చెవి నీది. చెవిటి మాలోకం అని నువ్వు ఎగతాళి చేసినప్పుడల్లా నవ్వేశాను. అప్పుడు నీ కేకైనా అందేది. ఇప్పుడు చెవుల్లో తుమ్మెద రొద తప్ప ఏమీ లేదు.

ఇంకోటి కూడా కక్కేస్తాను. నువ్వు బస్సెక్కిన రోజున, దుకాణంవాళ్ళ ఆర్డరు తొందర అని వెంట రాలేదు. ఆర్డరూ లేదు, గీర్డరూ లేదు. ఆసుపత్రిలో డాక్టరు నీ గుండె గురించి ఏదో చెబుతాడు, నేను అర్థమైనట్టు తలాడిస్తాను, ఏం ఒప్పుకున్నానో నాకే తెలియదు. ఆ భయంతో నిన్ను మీ అక్కయ్యకు అప్పగించి ఊరుకున్నాను. నువ్వు వెళ్ళాక రెండు కూజాలు పగిలాయి. రెండోదాని పెంకు కనుబొమ్మ చీల్చింది. తలుపు తగిలిందని ఎదురింటావిడతో అన్నాను. ఆవిడ నమ్మలేదు.

నిన్న మధ్యాహ్నం, ఆపరేషన్ అని నువ్వు రాసిన రోజే, నీ కూజా తొలుస్తున్నాను. అరచేతికి తెలిసే అదురును నమ్ముకుని పోతున్నాను. అప్పుడు వినబడింది, "చాలు" అని. కేక కాదు. మామూలుగా, నా భుజం పక్కనుంచి. ఆ క్షణం చెవుల్లో రొద కూడా ఆగిపోయింది. లేతు ఆపి వెనక్కి తిరిగాను. స్టూలు మీద పిల్లి పడుకుని ఉంది. టార్చి మూతికి ఆనించి వేస్తే కూజా మొత్తం లోపలినుంచి ఎర్రగా వెలిగింది, నల్లగీతలు నరాల్లా కనబడ్డాయి. ఇంకొక్కసారి ఉలి తగిలినా పోయేది. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను తెలుసా!

ఆ సంబరం ఎంతసేపని? బల్ల చివర ఫోను మీద పేరుకున్న చెక్కపొట్టు అదరడం మొదలెట్టింది. ఫోను మోగుతోందని ఈమధ్య నాకు తెలిసేది అలాగే. ఎత్తాను. మీ అక్కయ్యే అయ్యుంటుంది. చెవికి సన్నటి జుమ్మే తప్ప మాటలు అందలేదు. చాలాసేపు మాట్లాడినట్టుంది. మధ్యలో ఆ జుమ్ము ఆగితే నా జవాబు కోసమేమోనని, "సరే వదినా, అలాగే కానివ్వండి" అన్నాను. తరువాత ఇంకేమీ లేదు.

నేను దేనికి సరే అన్నానో చెప్పవే. లేచి కూర్చున్నావని చెప్పిందా? నన్ను రమ్మందా? ఇంకో మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎదురింటావిడ చేత మీ అక్కయ్యకు ఫోను చేయించవచ్చు, ఆ మాత్రం నాకూ తెలుసు. చేయించలేదు. ఎవరినీ అడగనంతసేపూ నువ్వు బాగానే ఉన్నావు.

పొద్దున్నుంచి ఫోను అదురుతూనే ఉంది. నేను ఎత్తలేదు. కూజాకు నూనె పట్టించి, ఆరాక మళ్ళీ పట్టించాను. మూత ఒక్కటే మిగిలింది. ఇందాకటినుంచి ఫోను ఊరుకుంది.

కిటికీలోంచి ఎదురిల్లు కనబడుతోంది. వాళ్ళకూ ఫోను ఉంది, ఆ నంబరు మీ అక్కయ్యకు నువ్వే ఇచ్చావు. ఆవిడ మిషను మీది గుడ్డ అలాగే వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. ఇవాళ చేతిలో గిన్నె లేదు. రోడ్డు దాటుతోంది. కిటికీ వైపు చూడటం లేదు.

ఈ బల్ల పక్కనే ఉన్న తలుపుకు గడియ పెట్టే ఉంది. నీ కూజా ఈ కాగితం పక్కనే ఉంది, వచ్చి మాత్రలు అందులో వేసుకుందువుగాని. ఈ ఉత్తరానికి జవాబు నువ్వే రాయాలి, నీ చేత్తో, నీ కొక్కిరిబిక్కిరి అక్షరాలతో. ఇంకెవరూ రాయకూడదు.

బల్ల మీద పొట్టు మళ్ళీ అదురుతోంది. ఈసారి ఫోను కాదు.

ఇట్లు,
నువ్వు చాలు అంటే తప్ప ఆగడం తెలియని
నీ చెవిటి మాలోకం