ఇంగువ లేని మాగాయ

మస్కట్

అక్కకు సుభద్ర నమస్కారాలు.

నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. నేను బాగున్నాను. ఇన్నాళ్లూ నీ బెంగ చూడలేక ఈ మాట అన్నాను గానీ, ఈసారి నిజంగానే బాగుండి రాస్తున్నాను. ఫోన్లో చెబితే మధ్యలో నువ్వు ఏడుస్తావు, అందుకని ఉత్తరం.

గోధుమ పడని నా కడుపులో మళ్లీ నొప్పి, నీరసం మొదలైనప్పుడు నువ్వేమన్నావు? "ఆ బర్గర్ల కొట్టువాళ్లే ఏదో కలిపేసేరు. ఆ తిండి మానెయ్యి, లేదంటే ఉద్యోగం వదిలేసి అల్లవరం వచ్చెయ్యి" అన్నావు. వెనక నుంచి బావగారు "ఆయ్, వచ్చెయ్యమనే చెప్పు" అనడం వినబడింది. ఈ బడిలో పాఠాలు చెప్పడం నాకెంత ఇష్టమో నీకు తెలుసు. ఒంట్లో బాగోక ఇంకొన్ని సెలవులు పెడితే బడివాళ్లే పంపేసేవారు.

అసలు ఆ కొట్టు సంగతి నీకు చెప్పాలి. ఇక్కడ ఎండ మాడ్చేస్తుంది, బడి పక్కనే కాబట్టి మధ్యాహ్నం తిండికి అక్కడికే వెళతాను. కౌంటర్లో రోసమ్మ అని మలయాళీ ఆవిడ ఉంటుంది. గోధుమ పడదని చెప్పిన మొదటిరోజే "ఇష్టం లేదా, జబ్బా?" అని అడిగింది. జబ్బన్నాక చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు తొడుక్కుని, విడిగా దాచిన గరిటెతో బర్గర్ బదులు అన్నం, రాజ్మా తనే వడ్డించింది. బంగాళాదుంప వేపుడు అడిగితే, "ఈ నూనెలో బ్రెడ్ పొడి అద్దినవి వేగాయి, నీకొద్దు. వేరే మూకుడు పెడతాను, ఆగు" అంది. వెనక జనం విసుక్కుంటున్నా తొందరపడలేదు. అచ్చం మన మామ్మే అనుకో. ఆవకాయ జాడీ దగ్గరికి ఎవరినీ రానివ్వని మామ్మ మడి గుర్తుందిగా? రోసమ్మ గోధుమ అంటకుండా మడి కట్టింది. ఆవిడంటే నాకెంత గౌరవమో చెప్పలేను.

ఒంట్లో బాగుండటం లేదని చెప్పినప్పుడు కూడా ఆవిడ నొచ్చుకోలేదు. "మా దగ్గర ఏం తిన్నావో నాకు తెలుసు. ఇంట్లో ఏం తింటున్నావు?" అంది. అన్నంలోకి మా అక్క మాగాయ తప్ప ఇంకేమీ లేదని గొప్పగా చెప్పాను.

"పోపులో ఇంగువ వేస్తారా? ఆ డబ్బా మీద ఏముందో చదువు."

నా దగ్గరున్న డబ్బా నువ్వు వాడే రకమే, అమలాపురంలో ఇద్దరం కలిసి కొన్నదే. దాని మీద గోధుమపిండి అని ఉంది అక్కా. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం.

మాగాయ మానేశాక కడుపు చల్లబడింది. రోజూ బడికి వెళుతున్నాను. నువ్వు కుమిలిపోకు. ఇంగువలో గోధుమ ఉంటుందని మన ఇంటావంటా ఎవరికి తెలుసు? జాడీ మాత్రం పారెయ్యడానికి చెయ్యి రాలేదు. సెలవురోజు ఒక్కదాన్నే ఉన్నప్పుడు మూత తీసి, వాసన చూసి, మళ్లీ పెట్టేస్తాను. అప్పుడు నీమీద చాలా బెంగగా ఉంటుంది.

మామ్మకి నా దండాలు చెప్పు, దీవించమను. తన మడి ఇక్కడొకావిడ నిలబెడుతోందని కూడా చెప్పు. పిల్లలకి ముద్దులు. బావగారిని నా తిరుగు ప్రయాణానికి టికెట్ తియ్యొద్దను.

వచ్చే వేసవిలో నాకు ఇంగువ లేకుండా మాగాయ పెట్టు. రోసమ్మకీ ఒక సీసా పంపు. "ఇంగువ లేకపోతే అదేం మాగాయే" అంటావని తెలుసు. అయినా పెట్టక్కా. నీ చేతి రుచి నాకు పడుతుంది.

నీ చెల్లెలు,
సుభద్ర