ప్రతి గడిలో ఏడు

నాచారం, సోమవారం

ప్రియమైన నాన్నకు,

అమ్మ ముందు చెప్పలేక ఈ కాగితం నీ ఫ్యాక్టరీ బాయిలర్ లాగ్ బుక్కులో పెడుతున్నాను. ఉప్పల్ కాలేజీలో, మెజర్‌మెంట్స్ ల్యాబ్‌లో దొరికిపోయాను. ప్రెషర్ గేజు మీద ఒకే బరువు పెట్టి పదిసార్లు రీడింగు తీయాలి. నేను రెండు తీసి, మిగతా ఎనిమిదీ అల్లేశాను. పద్మశ్రీ మేడం రికార్డు చూసి, "పదిసార్లు కొలిస్తే జర అటిటు రావాలె. అన్నీ ఒక్క తీరుగున్నయంటే నువ్వన్న కొలువలే, లేకుంటే గేజన్న సచ్చింది" అన్నారు. శుక్రవారం నిన్ను తీసుకురమ్మన్నారు.

అసలు భయం అది కాదు. నీ రాత కోడిగీతలని సూపర్‌వైజర్ తిట్టినప్పటి నుంచి, ఆదివారాలు నీ లాగ్ బుక్కు నేనే సాఫుగా తిరగరాస్తున్నాను కదా. ఇంటికొచ్చి తిరగేశాను. రెండు నెలలుగా ప్రెషర్ రాసే ప్రతి గడిలో ఏడు. చూడకుండా రాశానని చెప్పు నాన్నా. చూసే రాశావంటే నీ బాయిలర్ గేజు చచ్చినట్టే.

నీ బిడ్డ,
ప్రజ్ఞ

మంగళవారం

ప్రియమైన ప్రజ్ఞా,

చదువుకోమని పంపితే అల్లికలు నేర్చావు. మేడం దగ్గరికి వస్తాను, నాలుగు తిట్లు తింటాను, నాకు అవి కొత్తేం కావు. నా బాయిలర్ జోలికి మాత్రం రాకు. ఇరవై రెండేళ్లుగా దాన్ని మండిస్తున్నాను. గేజు ముల్లు ఏడు మీద ఉంటుంది, చూసి ఏడు రాస్తాను. ఫికర్ పెట్టుకోకుండా తిను.

ఇట్లు,
మీ నాన్న ఉప్పలయ్య

బుధవారం

ప్రియమైన నాన్నా,

కోప్పడినా సరే. పొద్దున డ్యూటీ ఎక్కగానే, మంట పెట్టక ముందు రాసే మొదటి గడిలో కూడా ఏడే ఉంది. చల్లటి బాయిలర్‌లో ఆవిరి ఎక్కడిది? అక్కడ సున్నా ఉండాలి. ఇన్ని వారాలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తూ కూడా నేను గమనించలేదు.

లాగ్ బుక్కు రాయడానికి డబ్బాలోంచి కళ్లజోడు తీస్తావు కాబట్టి ఇది అందులో పెట్టాను. నిన్న ఉప్పల్ మెట్రో కింద నేను చేయి ఊపితే చూడనట్టే వెళ్లిపోయావు. ఆ కోపమేదో నా మీద ఉంచుకో, ముల్లును మాత్రం ఒక్కసారి చూడు.

ప్రజ్ఞ

గురువారం

ప్రియమైన బిడ్డకు,

డబ్బా తెరవగానే నీ కాగితం కనపడింది. మంట పెట్టలేదు. సూపర్‌వైజర్ గిరిప్రసాద్‌ను పిలిచి, "సార్, జర ఆ ముల్లు ఎంత మీదుందో సూసి చెప్పున్రి" అన్నాను.

"ఏడు. గదేంది ఉప్పలయ్యా, నీకు తెల్వదా?" అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని చల్లటి బాయిలర్ మీద పెట్టాను. గేజు విప్పితే లోపల తుప్పు పట్టి, ముల్లు ఏడు దగ్గరే బిగుసుకుపోయి ఉంది. ఇన్నాళ్లూ ఎక్కువైన ఆవిరిని వదిలేసే సేఫ్టీ వాల్వు పుణ్యాన బతికాం.

నీకు అబద్ధం రాశాను. ముల్లును నేను చూడలేదు. దసరా నుంచి దూరాన ఉన్నదంతా మంచు కమ్మినట్టు ఉంటోంది. చెబితే బాయిలర్ దగ్గర ఉంచరని, కళ్లు బాగున్నప్పుడు చూసిన ఏడునే, పొద్దుటి గడిలో కూడా ఆలోచించకుండా రాస్తూ వచ్చాను. నువ్వు చేయి ఊపిన రోజు నాకు కోపం లేదు బిడ్డా. నువ్వు కనపడలేదు.

సారుకు అంతా చెప్పేశాను. నౌకరీ ఉంటుందో ఊడుతుందో తెలియదు, భయంగానే ఉంది. రేపు మేడం ముందు నీ పక్కన నిలబడి, చూడకుండా రాసినవాళ్లం ఇద్దరమని చెబుతాను. అక్కడి నుంచి నన్ను కంటి దవాఖానాకు తీసుకుపో. బస్టాపులో నంబరు నువ్వే చదువు.

నీ నాన్న,
ఉప్పలయ్య