జవాబు గంట

పినపాక,
ఆదివారం, ఆరాధన అయినంక.

బిడ్డ అక్సాకు నాయిన ఆదాము దీవించి రాయునది. ఇక్కడ మేమందరం దేవుని దయవల్ల బాగనే ఉన్నం. అందరమంటే నేను, మీ అమ్మ ఇన్నమ్మ, మీ అమ్మ నోరు. మూడూ ఆరోగ్యంగనే ఉన్నయి. హైదరాబాదుల నువ్వు కూడ క్షేమమని తలుస్తున్న. నీ పోయిన ఉత్తరం చదివితె మాత్రం క్షేమం కొంచెం తక్కువనే కనపడ్డది.

ఫోను చేయక ఉత్తరమేందని అడుగుతవేమో. ఫోను మీ అమ్మ స్పీకరుల పెడతది. నేను ఒక మాట అనెలోపల ఆమె నాలుగంటది. నువ్వేమో "నాయినా, జల్దీ చెప్పు, మీటింగుంది" అంటవు. కాయితం నన్ను నడుమల ఆపది. అందుకే నాకు కాయితమంటె గౌరవం.

మూడు ప్రశ్నలడిగినవు. వరుసగ చెప్త.

ఒకటి, నా మోకాలు. ఉన్నది. దవాఖానాల డాక్టరు "మెట్లెక్కొద్దు తాతా" అన్నడు. మన ఇంటికి ఉన్నవే రెండు మెట్లు. ఆ రెండు మెట్ల మాట చెప్పనీకి ఆయన అన్నేండ్లు చదివిండట.

రెండు, మీ ఆఫీసోళ్లు ఇక్కడ పెట్టించిన కంప్యూటర్ క్లాసుకు పోతున్ననా అని. పోతున్న. బుధవారం, శనివారం, మూడింటికి, చర్చి పక్కన హాలుల. ఎట్లున్నదో నిజం రాయమన్నవు గనక నిజమే రాస్త, ఓర్చుకో.

నేర్పెటాయన పేరు జస్టిన్. ఖమ్మం పిలగాడు, ఇక్కడ రూము కిరాయికి తీసుకున్నడు. మెడల ఐడీ కార్డు స్నానం చేసేటప్పుడు కూడ తియ్యడనుకుంట. మొదటి రోజు నన్ను గుమ్మంలనే ఆపిండు.

"అంకుల్, ఇది బిగినర్స్‌కి."

"అవ్. నేను అదే."

"అంటే... మీరు ఎప్పుడన్న మౌస్ పట్టిండ్రా?"

"నేను నూటయాభై హార్సు పవరు ఇంజను పట్టిన నాయనా. ఇది నీ పిడికిట్ల పడుతది."

తెరమీద ఒక కోడి. పక్కన రంగు రంగుల ముక్కలు. "పది అడుగులు నడువు" అని నీలం ముక్క, "మళ్లీ మళ్లీ చెయ్యి" అని పసుపు ముక్క. ముక్కకు ముక్క తగిలిస్తె కోడి నడుస్తది. దీన్నే ప్రోగ్రామింగ్ అంటరట. పది అడుగులంటె గోరంత జరిగింది. పసుపు ముక్క కూడ తగిలించిన. అది తెర అంచుకు పోయి, గోడకు తల ఆనిచ్చి, ఇంక నడుస్తనే ఉన్నది. మా బొగ్గు బాయిల ఒక అండర్ మేనేజర్ ఉండెటోడు, అచ్చం గట్లనే. ఎంత నడిచినా అక్కడనే.

ఇంక చప్పట్లు. ఏం చేసినా చప్పట్లు. తప్పు చేస్తె "పర్వాలేదు, మళ్లీ ప్రయత్నించు" అని పైనుంచి పువ్వులు రాలుతయి. మా కాలంల కూడ తప్పు చేసినోళ్లకు పువ్వులు వచ్చేటియి. కాకపోతె చూసుకోను వాళ్లుండెటోళ్లు కాదు.

మిగిలిన విద్యార్థులు పదిమంది. అందరిల తెలివిగలది మంగ్లి. తండా నుంచి వస్తది, ముప్పై దాటినయి, బళ్లె మధ్యాహ్న భోజనం వండుతది. ఆమె కోడి అంచుకు పోయి వెనక్కి తిరిగింది. నా కోడి తిరగలే. "తాతా, మీ కోడికి చెప్పలే మీరు. చెప్పకుంటె దానికేం తెలుస్తది?" అన్నది. అంత చిన్న మాట జస్టిన్ గంటసేపు ఇంగ్లీషుల చెప్పిండు.

నాకు ఎవరైనా నేర్పుతుంటె కడుపుల మంటెందుకో నీకు తెలుసు. నాకెవరూ నేర్పలే. బాయిల చేరినప్పుడు వేలిముద్ర. తర్వాత చదువు మొత్తం బజ్జీలు కట్టిన కాయితాలల్ల వచ్చింది. నూనె మరకలున్న అక్షరాలే నాకు బాగ గుర్తుంటయి. చినిగిన కాయితం గనక ఏ వార్తకూ చివర తెలిసేది కాదు. ఒక మంత్రి రాజీనామా చేసిండా లేదా అని నేను ఆరు నెలలు ఆలోచించిన. ఇంజను కాడ ఖాళీ దొరికితె చాలు, జేబుల నుంచి కాయితం తీసెటోణ్ని. ఈ సంగతి ఊరికె చెప్తలేను, గుర్తుపెట్టుకో.

ఇగ మూడో ప్రశ్న.

"నాయినా, పినపాక నుంచి ఎవరో పాత కార్మికుడు మా ఆఫీసుకు ఉత్తరం రాసిండు, గంటల పాఠం తప్పు, ఆపేయుండ్రి అని. ఆ పాఠం నేనే తయారు చేసిన. నువ్వు క్లాసుల చూసి గుర్తుపడతవని చెప్పకుండ దాచిన. ఇప్పుడు నావి పన్నెండు పాఠాలూ ఆపిండ్రు. ఇరవయ్యో తారీఖు మీటింగుల తేలుస్తరు, పాఠాలుంటయా, నేనుంటనా అని. ఆయనెవరో కనుక్కో. కొట్లాడకు. తప్పేందో అడుగు, చాలు" అని రాసినవు.

కనుక్కున్న బిడ్డా.

ముందు ఆ మనిషి ఎసుంటోడో చెప్త. వెనక బెంచీల కూసుంటడు. లోకంల ప్రతి ఒక్కడు తనకంటె తక్కువ చదివిండని వాని నమ్మకం. తను చదివింది చినిగిన ముక్కలు, మాట్లాడేది మాత్రం మొత్తం చదివినోని లెక్క. పిలగాండ్లు తప్పు చేస్తె నవ్వుతడు, తను తప్పు చేస్తె మిషన్ పాతదంటడు. పేరు పెట్టనీకి ధైర్యం లేక "ఒక కార్మికుడు" అని సంతకం చేసిండు. నీ ముక్కు వానిదే.

అవ్. నేనే రాసిన.

అది నాలుగో క్లాసు, శనివారం. జస్టిన్ కొత్త పాఠం తెరిచిండు. కోడి పోయి బాయి వచ్చింది. ఏటవాలు దారి, పట్టాల మీద బొగ్గు డబ్బా, కింద నెత్తిన లైటు పెట్టుకున్న మనిషి, పైన ఆ డబ్బాను తాడుతోని గుంజె ఇంజను కాడ మీసాల మనిషి. ఆ మీసాలు నావేనని ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు "ఈ దొంగ మొహపోడెవడు" అనుకున్న.

"కింద మనిషి మూడు గంటలు కొడితె డబ్బా పైకి. రెండు కొడితె కిందికి. ఒకటి కొడితె స్టాప్. గంట మోగుడు ఈవెంట్, డబ్బా కదులుడు యాక్షన్" అని జస్టిన్ మూడు కొట్టిండు. గంట మోగుడూ, డబ్బా ఉరుకుడూ ఒక్కసారే అయింది.

నేను బెంచీ మీద నుంచి లేచిన. "జవాబు గంటేది?" అన్న.

"ఏంది అంకుల్ అది?"

చెప్పిన. కిందోడు మూడు కొడితె, పైన ఇంజనోడు తిరిగి మూడు కొట్టాలె. నువ్వు అన్నది విన్న, మూడే విన్న అని. ఆ జవాబు కిందోనికి వినపడ్డంకనే డబ్బా కదలాలె. జవాబు రాలేదంటె డబ్బా కదలదన్న నమ్మకంతోనే కిందోడు డబ్బాల నడుమల చెయ్యి పెడతడు, కాలు పెడతడు.

జస్టిన్ నవ్విండు. "అంకుల్, ఇది యానిమేషనే గద. ఇందుల ఎవరూ చావరు."

ఆ నవ్వు చూసి ఇంటికొచ్చిన, అన్నం తినకముందే రాసిన. అందుల ఏం రాసిన్నో నీకు మీ పెద్దసారు చదివి వినిపించిండట. "ఈ పాఠం చేసినోళ్లకు బాయి దిగిన తండ్రి గాని తాత గాని ఉండడు. ఉంటె గిట్ల చేయరు." ఆ మాట విని నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలేదని రాసినవు. నేను ఆ వాక్యం రాసినప్పుడు కలం పక్కన పెట్టి ఒకసారి గట్టిగ చదువుకున్న. బాగ కుదిరిందని మురిసిన. అది నీకు తెలువాలె.

ఇంకొకటి ఉన్నది. ఇది నీకే కాదు, మీ అమ్మకు కూడ ఈ వారమే చెప్పిన.

నీకు ఆరేండ్లప్పుడు ఒక ఆట ఉండె, గుర్తున్నదా? గిన్నె మీద గరిటెతో నువ్వు మూడు కొడితె నేను నిన్ను పైకెత్తాలె. రెండు కొడితె దించాలె. ఒకటి కొడితె గాలిల ఆపాలె. నీ పాఠం మొత్తం ఆ ఆటల నుంచి వచ్చింది. ఆ ఆటల జవాబు గంట లేదు. నేను నేర్పలే. మర్చిపోయి కాదు.

నువ్వు పుట్టకముందు సంవత్సరం, ఫస్టు షిఫ్టు. నేను ఇంజను కాడ, కింద దూలయ్య. నువ్వు కుంటి మామా అని పిలిస్తె మీ అమ్మ నెత్తిన మొట్టింది చూడు, ఆ దూలయ్యే. మూడు గంటలు కొట్టిండు. నా చేతుల బజ్జీల కాయితమున్నది. కళ్లు దాని మీద, చెయ్యి లివరు మీద. జవాబు కొట్టలే. లాగిన. కింద దూలయ్యకు డబ్బాల నడుమ కొక్కెం సరిగ పడలేదని అనుమానమొచ్చింది. జవాబు రాలేదు గద, ఇంక కదలదు అని లోపలికి వంగి కాలు పెట్టిండు.

పాదం పోయింది.

ఎంక్వైరీల పెద్దసార్లు అడిగిండ్రు. "జవాబు గంట వినపడ్డది సార్. నేనే తొందరపడ్డ" అన్నడు దూలయ్య. నా కొలువు నిలిచింది. ఆయనకు పైన లైట్ డ్యూటీ ఇచ్చిండ్రు, లైట్లు తుడిచె రూముల. తప్పు ఇప్పటికీ ఆయన పేరు మీదనే ఉన్నది. నేను బజారుల జస్టిన్‌లను వెక్కిరించుకుంట తిరుగుతున్న. ఆ కాయితంల ఏముండెనో కూడ నాకు గుర్తులేదు.

బిడ్డా, నీ పాఠంల తప్పు నీది కాదు. నేను మింగిన గంట అది.

నీ ఉత్తరం వచ్చిన తెల్లారి బుధవారం క్లాసుకు పోయిన. జస్టిన్ ముందర నిలబడి, "ఆ ఉత్తరం నాదే. పాఠం సరిచెయ్యనీకి వచ్చిన" అన్న. జస్టిన్ ఐడీ కార్డు వేళ్లతో తిప్పిండు. "నా కొలువు గురించి కూడ అడుగుతున్నరు అంకుల్" అన్నడు. అంతే అన్నడు. నేను ఆయనను ఇన్ని మాటలన్న గద, ఒక్కటి కూడ తిరిగి అనలే. కుర్చీ జరిపిండు.

కుస్తీ పట్టినం. డబ్బాను ఆపనీకి నేను "రెండు సెకన్లు ఆగు" అన్న ముక్క పెట్టిన. మంగ్లి పక్కన నుంచి చూసి, "తాతా, సెకన్లు లెక్కపెడితె ఎట్ల? పిలగాండ్లు కంచం పెట్టిండ్రా లేదా చూసే గద నేను చారు పోస్త. రెండు సెకన్లు ఆగి పోస్తనా?" అన్నది. ముక్కల పెట్టె వెతికి ఒకటి తీసింది. "జవాబు వచ్చేదాక ఆగు." అసుంటి ముక్క మీ పెట్టెల మొదటి నుంచీ ఉన్నదట. నేను తెరిచి చూడలే. తిట్టనీకే తీరిక సరిపోయింది.

శనివారం దూలయ్యను పిలుచుకపోయిన. చంకల కట్టె ఆనిచ్చుకొని కుర్చీల కూసున్నడు. మంగ్లి మౌస్ ఆయన చేతికిచ్చింది. మూడు కొట్టిండు. డబ్బా కదలలే. మీసాలోడు తిరిగి మూడు కొట్టిండు. అప్పుడు కదిలింది. మళ్ల కొట్టిండు. మళ్ల. తర్వాత పైవాని జవాబు తీసేయమన్నడు. మూడు కొట్టి, కూసొని చూసిండు. డబ్బా ఉన్నకాడనే ఉన్నది.

"ఇది ఆగుతున్నదిరా, ఆదాం" అన్నడు.

నేను కట్టె అందిచ్చి ఆయనను లేపిన.

ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పిన. ఆమె కాయితం, కలం తెచ్చి ముందర పెట్టి, "అక్సా నాయినా, ముందు దూలయ్యన్నది తప్పు లేదని రాయి. తర్వాత నీ పేరు రాయి. 'ఒక కార్మికుడు' అంటె చెయ్యి ఇరుగుతది" అన్నది. గట్లనే రాసిన, మీ ఆఫీసుకు. పేరు, ఊరు, బాయిల నా టోకెన్ నంబరు అన్నీ పెట్టిన. సరిచేసిన పాఠం జస్టిన్ పెన్ డ్రైవుల వేసి ఇచ్చిండు. ఆ ఉత్తరం, ఈ పెన్ డ్రైవు దీంట్లనే పెడుతున్న. ఆఫీసుల ఇచ్చుడా, చింపుడా నీ ఇష్టం. నీ నాయిన అని తెలిస్తె నీకు ఇంక చెడ్డగ అయితదంటె చింపేయి. నేను వేరే దారి చూస్త. ఈసారి సంతకంతోని.

ఫోనుల నాతోని మాట్లాడాలనిపించకుంటె మాట్లాడకు. ఉత్తరం అందినంక, ఇరవయ్యో తారీఖు లోపల, మిస్డ్ కాల్ ఇయ్యి. నా ఉత్తరం ఆఫీసుల ఇస్తున్ననంటె మూడు కొట్టు. వద్దనుకుంటె ఒకటి కొట్టు, ఆగుత. ఎన్ని కొట్టినా అన్ని తిరిగి కొడత. నా జవాబు వినపడెదాక మాత్రం నువ్వు అడుగు కదలియ్యకు.

ఫోను స్పీకరుల కాదు, నా చేతులనే ఉన్నది. ఇంకో చేతుల ఏ కాయితమూ లేదు.

ఇట్లు,
బాయి దిగిన నీ నాయిన,
ఆదాము