నీళ్లలో జారిన ముడి

హిందూపురం,
అమావాస్య మరునాడు.

అన్నకు తమ్ముడు లక్ష్మప్ప నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బాగున్నాను. నాయన దగ్గు తగ్గిందా? అమ్మ, వదిన, పిల్లలు ఎలా ఉన్నారో రాయి. ఇక్కడి సంగటి మన ఇంటిదిలా ఉండదు గానీ రెండు పూటలా తింటున్నాను, దిగులు పడవద్దు. కొత్త మగ్గం చేతికి అలవాటైంది. సాయంత్రాలే కొంచెం ఒంటరిగా ఉంటుంది.

నీకు ఒక సంగతి దాచాను. ఆరు నెలలుగా ఈత నేర్చుకుంటున్నాను. చిన్నప్పుడు బావిలో మునిగితే నువ్వు జుట్టు పట్టి లాగావు. అప్పటి నుంచి నీళ్లు చూస్తే నాకు ఊపిరి బిగుసుకుంటుందని నీకు తెలుసు. పక్క మగ్గం రంగప్ప, గుడిబండ మనిషి, నన్ను వదల్లేదు. తెల్లవారి పని మొదలుపెట్టే ముందు తేలడానికి నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకోమని చెప్పి బావిలో దింపేవాడు. చేతులు చాచి వేసే బారల్లో ఎన్నో బార దగ్గర భయం వేసిందో రోజూ నా పుస్తకంలో రాసుకునేవాణ్ణి. మొదట మూడు. చాలా రోజులకు పదకొండు. పోయిన నెల నలభై.

నిన్న మగ్గాలకు అమావాస్య సెలవు. రైలెక్కి పెనుకొండ చెరువుకు వెళ్లాం, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదాలని. సగం దాటాక నడుము తేలికైంది. చూస్తే బుర్రలు పక్కన తేలిపోతున్నాయి. పట్టుపోగుకు వేసే సన్నముడే అలవాటు కొద్దీ బుర్రలు కట్టిన కొబ్బరి తాడుకూ వేశాను. ముడి నీళ్లకు నాని జారిపోయింది. చేతులు ఊరికే నీళ్లను కొట్టసాగాయి. ఒక గుక్క మింగాను.

అప్పుడు మగ్గం దగ్గర నాయన అనే మాట గుర్తొచ్చింది. "పోగు తెగితే లాగొద్దురా. చేతులు వదులు చెయ్యి. కొస ఆడే ఉంటాది."

చేతులు వదులు చేశాను. వెల్లకిలా తిరిగి ఊపిరి లెక్కపెట్టుకున్నాను. ఇరవై దగ్గర కొస దొరికింది.

ముందున్న రంగప్ప తిరిగి చూసి, "ఏమప్పా, పండుకుంటివా? పరుపు తెప్పించాల్నా?" అన్నాడు.

"నువ్వు పో, వస్తాండా," అన్నాను.

ఒక్కో బార వేసుకుంటూ గట్టు చేరాను. బట్టలు ఉతికేవాళ్లు చూస్తున్నా సిగ్గుపడకుండా గట్టిగా నవ్వాను. బుర్రలు గాలికి కొట్టుకుంటూ నా తర్వాతే వచ్చాయి. పుస్తకంలో ఇలా రాశాను: భయం వేసింది, పోయింది, చెరువు దాటాను.

అమ్మకు మెల్లగా చెప్పు. నాయనకు ముడి సంగతి మాత్రం చెప్పవద్దు, తిడతాడు. వదిన చేసే చెనక్కాయల పొడి కొంచెం పంపించు. అవ్వకు నా దండాలు, ఆమె దీవెన నాకు కావాలి.

వచ్చే అమావాస్యకు నువ్వు రా. చెరువులో నువ్వు ముందు ఈదు. జుట్టు పట్టుకోవడానికి వెనక నేనుంటాను.

నీ తమ్ముడు,
లక్ష్మప్ప